ఎన్ని ఇళ్లున్నాయని అడిగేది ఎవరిని?

పట్టణాల్లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద ఇంటికి దరఖాస్తు పెట్టుకునే కుటుంబం ముందుగా ఒక మాట రాసివ్వాలి. దేశంలో ఎక్కడా, తమ కుటుంబంలో ఎవరి పేరునా పక్కా ఇల్లు లేదని. ఆధార్ నంబర్లు తీసుకుంటారు, వివరాలు సరిచూస్తారు. ఇల్లు ఉందని తేలితే జాబితాలోంచి పేరు తీసేస్తారు. ప్రజల సొమ్ముతో కట్టే ఇల్లు కాబట్టి ఆ జాగ్రత్తను తప్పు పట్టలేం.

అదే ఊళ్లో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి ఐదో ఫ్లాట్ రిజిస్టర్ చేయించుకునే మనిషిని మాత్రం ఆ ప్రశ్న ఎవరూ అడగరు. స్టాంప్ డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి తెలంగాణలో 2021 జులై నుంచి 7.5 శాతం. తల తాకట్టు పెట్టి మొదటి ఇల్లు కొనుక్కునే చిరుద్యోగికీ అంతే, పదో ఇల్లు కొనే వ్యాపారికీ అంతే.

ఒక కుటుంబానికి ఇన్నే ఇళ్లుండాలని పరిమితి పెట్టాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మొదట వినిపించే అభ్యంతరం, "అదంతా ఎవరు లెక్కపెడతారు?" అని. పై రెండు దృశ్యాలు పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు దొరుకుతుంది. లెక్కపెట్టడం ప్రభుత్వానికి వచ్చు. ఇన్నాళ్లూ లెక్కపెట్టింది లేనివాళ్ల ఇళ్లను.

మన దేశంలో సంపద అంటే ఎక్కువ భాగం నేల, ఇల్లే. 2019లో జరిగిన అఖిల భారత రుణ, పెట్టుబడుల సర్వే ప్రకారం పట్టణ కుటుంబాల ఆస్తుల్లో 87 శాతం భూమి, భవనాల రూపంలోనే ఉంది. బంగారం, బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, వాహనాలు అన్నీ మిగిలిన 13 శాతంలో సర్దుకోవాలి. ఆ ఆస్తుల పంపకం ఇలా ఉంది: పట్టణాల్లో పైనున్న పదో వంతు కుటుంబాల చేతిలో 55.7 శాతం, కిందనున్న సగం కుటుంబాల చేతిలో 6.2 శాతం. వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ 2024లో వేసిన లెక్కలో, దేశ సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది దగ్గరే ఉంది. కాబట్టి ఇక్కడ సంపద అసమానత గురించి మాట్లాడుతూ ఇళ్ల గురించి మాట్లాడకపోతే అసలు విషయం వదిలేసినట్టే.

ఇల్లు ఇంటిని ఎలా కంటుందో ఒక చిన్న లెక్కలో చూడొచ్చు. ఎనభై లక్షల ఫ్లాట్ ఒకటి ఉందనుకుందాం. హైదరాబాద్ లాంటి నగరంలో దానికి నెలకు ఇరవై వేల అద్దె వస్తుంది. ఇరవై లక్షలు చేతి నుంచి పెట్టి, అరవై లక్షలు 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల అప్పు తీసుకుంటే ఈఎంఐ దాదాపు యాభై రెండు వేలు. ఇరవై వేల అద్దె కోసం నెలకు యాభై రెండు వేలు ఎవరైనా ఎందుకు కడతారు? ధర పెరుగుతుందన్న నమ్మకంతో కడతారు. ఆ నమ్మకమే కొనుగోలుకు అసలు కారణమైనప్పుడు అందులో ఎవరో కాపురం ఉండటం, ఉండకపోవడం రెండో విషయమైపోతుంది. అద్దెకిస్తే గోడలు పాడవుతాయి, ఖాళీ చేయించడం కష్టం, ఈ టెన్షన్ ఎందుకని తాళం వేసి ఉంచేవాళ్లు అందుకే కనిపిస్తారు. "ఇన్వెస్ట్‌మెంట్ కోసం తీసుకుని పడేశాం" అన్న మాట తెలుగు ఇళ్లలో పెళ్లి భోజనాల దగ్గర కూడా వినిపిస్తుంది. ఆ 'పడేయడం' వల్ల పక్కవాడి ఇంటి ధర కూడా పెరిగిందన్న ఆలోచన ఎవరికీ రాదు. ధర పెరిగితే అద్దెకుండేవాడి సొంతింటి కల ఇంకో మూడేళ్లు వెనక్కి జరుగుతుంది. ఉన్నవాడికి మాత్రం ఆ పెరిగిన ధరే హామీగా మారి మరో అప్పు పుట్టిస్తుంది.

2023లో హైదరాబాద్ పడమటి అంచున ఆరు వారాల తేడాతో రెండు ఘటనలు జరిగాయి. జూన్ 22న కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల సముదాయాన్ని పేదల కోసం ప్రారంభించారు. ఆగస్టు మొదటి వారంలో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లకు పోయింది. రెండూ ఔటర్ రింగ్ రోడ్డు దారిలోనివే, రెండింటి వెనకా ప్రభుత్వమే ఉంది. ఒక చేత్తో పేదకు ఇల్లు కట్టి, ఇంకో చేత్తో ఆ చుట్టుపక్కల మామూలు జీతగాడు ఎప్పటికీ కొనలేని ధరకు గీటురాయి పెట్టింది. నేల ధర ఎంత పెరిగితే అంత ఆదాయం వచ్చే ప్రభుత్వాలకు ఇళ్ల ధరలు తగ్గించాలన్న కోరిక నిజంగా ఉంటుందా అన్నది గట్టిగా అడగాల్సిన ప్రశ్న. పరిమితుల చట్టం రాయాల్సింది కూడా ఆ ప్రభుత్వాలే.

ఖాళీ ఇళ్ల సంగతి 2011 జనగణన చెప్పింది. దేశం మొత్తం మీద దాదాపు 2.46 కోట్ల ఇళ్లు ఖాళీ, అందులో సుమారు 1.1 కోట్లు పట్టణాల్లో. జనగణన భాషలో 'ఇల్లు' అంటే దుకాణం, ఆఫీసు కూడా వస్తాయి కాబట్టి ఖాళీవన్నీ కాపురాలుండే ఇళ్లేనని అనుకోకూడదు. అయినా పట్టణాల్లో ప్రతి పదింటిలో ఒకటి ఖాళీ అన్నది చిన్న విషయం కాదు. మరుసటి ఏడాది కేంద్రం వేసిన నిపుణుల బృందం పట్టణాల్లో 1.88 కోట్ల ఇళ్ల కొరత ఉందని తేల్చింది. అందులో 95 శాతానికి పైగా పేద, తక్కువ ఆదాయ కుటుంబాలదే.

ఆ కొరత లోపల ఏముందో చూడాలి. 1.88 కోట్లలో నిజంగా ఏ గూడూ లేని కుటుంబాలు 5.3 లక్షలు. సుమారు ఒకటిన్నర కోట్ల కుటుంబాలు ఇరుకు వల్ల ఆ లెక్కలోకి వచ్చాయి. అంటే పెళ్లయిన జంటకు విడిగా ఒక గది కూడా లేని ఇళ్లు. ఒకే పోర్షన్‌లో అత్తమామలు, కొడుకు, కోడలు, పెళ్లి కాని ఆడపడుచు మధ్యలో చీర కట్టి రాత్రి గడుపుకునే కాపురాలు. కొరత అనగానే ఫుట్‌పాత్ మీది మనిషి గుర్తొస్తాడు. ఎక్కువ కొరత మాత్రం బయటికి కనపడకుండా నాలుగు గోడల మధ్యే ఉంది. ఆ కుటుంబాలకు కావాల్సింది అందుబాటు అద్దెలో ఇంకో గది. తాళాలు వేసి ఉన్నవేమో వాళ్లు అద్దె కట్టలేని, వాళ్ల పనికి దూరమైన ఫ్లాట్లు. ఈ రెండింటికీ మధ్య దారి వేయకుండా ఇళ్ల సంఖ్యకు గీత గీసేస్తే ఇరుకు తగ్గదు.

పరిమితి పెట్టడం మనకు కొత్త కూడా కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1973 భూ సంస్కరణల చట్టం 1975 జనవరి 1 నుంచి అమలైంది. మాగాణి అయితే నేల తరగతిని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. 'సీలింగ్' అన్న మాట పల్లెల్లో అప్పుడే అందరి నోటా పడింది. చట్టం రాబోతోందని తెలిసిన రోజు నుంచే మేజర్ కొడుకుల పేర్లు, బంధువుల పేర్లు, పాలేర్ల పేర్లు పట్టాల్లోకి ఎక్కాయి. తన పేరున ఇరవై ఎకరాలున్నాయని ఆ పాలేరుకే తెలియని ఊళ్లుండేవని పెద్దలు చెప్పుకునేవారు.

1976లో పట్టణ భూ పరిమితి చట్టం వచ్చింది. ముంబై, ఢిల్లీ లాంటి చోట్ల 500 చదరపు మీటర్లు, హైదరాబాద్‌లో 1,000, ఇంకా చిన్న నగరాల్లో 1,500 నుంచి 2,000. ఖాళీ స్థలాలకే అది వర్తించింది. దేశవ్యాప్తంగా సుమారు 2.2 లక్షల హెక్టార్ల మిగులు ఉంటుందని అంచనా వేస్తే ప్రభుత్వాల స్వాధీనంలోకి వచ్చింది 19 వేల హెక్టార్ల చిల్లర. మిగతాది మినహాయింపుల్లో, కోర్టు కేసుల్లో చిక్కుకుంది. మినహాయింపు ఇచ్చే అధికారం చేతిలో ఉన్న ప్రతి కుర్చీ ఒక బేరం కుర్చీ అయ్యింది. కేంద్రం 1999లో చట్టాన్ని రద్దు చేస్తే, ఆంధ్రప్రదేశ్ 2008లో ఆ రద్దును స్వీకరించింది.

ఈ రెండు చట్టాల ఆలోచన తప్పని చెప్పడం అన్యాయం. సీలింగ్ మిగులు భూమి దక్కిన దళిత కుటుంబాల్లో ఆ ఎకరమే తర్వాతి తరం చదువైంది. దెబ్బతిన్నది అమలు. కుటుంబం అంటే ఎవరో సరిగా నిర్వచించకపోవడం, చట్టం రాకముందే సర్దుకునేందుకు గడువు దొరకడం, మినహాయింపుల తలుపు తెరిచి ఉంచడం, ఈ మూడు చోట్లా నీరు కారిపోయింది. రేపు 'కుటుంబానికి రెండిళ్లు' అని చట్టం చేసినా ముందు కారేది అక్కడే. బినామీ లావాదేవీలకు 2016 సవరణ తర్వాత ఏడేళ్ల వరకు కఠిన శిక్ష ఉన్నా, సొంత డబ్బుతో తమ్ముడి పేరున, బావమరిది పేరున కొన్న ఇంటిని బినామీ అని నిరూపించడం తేలిక కాదు.

దక్షిణ కొరియా అనుభవం ఈ విషయంలో చాలా చెబుతుంది. 2017లో వచ్చిన మూన్ జే-ఇన్ ప్రభుత్వం ఒకటికి మించి ఇళ్లున్నవాళ్ల మీద పన్నుల మీద పన్నులు వేసింది. నిషేధం పెట్టలేదు, కానీ దాదాపు అంత పని చేసింది. 2020 నాటికి నియంత్రణ ప్రాంతాల్లో రెండో ఇల్లు కొంటే 8 శాతం, మూడోది కొంటే 12 శాతం కొనుగోలు పన్ను. ఏటా కట్టే ఆస్తి పన్ను గరిష్ఠ రేటు 6 శాతం. అమ్మితే లాభం మీద 75 శాతం వరకు. ఇంత చేసినా సియోల్‌లో ధరలు పెరుగుతూనే పోయాయి.

కారణాలు వెతికితే మూడు కనిపిస్తాయి. మొదట్లో అద్దె వ్యాపారులుగా నమోదైన యజమానులకు పన్ను మినహాయింపులిచ్చారు, చాలామంది ఆ గొడుగు కిందికి చేరి ఇళ్లను ఏళ్లపాటు అమ్మకానికి రాకుండా బిగించారు. ఆ తర్వాత అమ్మితే అంత పన్ను కట్టాలి కదా అని పిల్లలకు కానుకగా రాసిచ్చారు. ఇక మూడోది అసలు పాఠం. సంఖ్యను బట్టి పన్ను వేస్తే జనం సంఖ్య తగ్గించుకున్నారు, విలువ తగ్గించుకోలేదు. ఊరి బయటి రెండు చిన్న ఇళ్లు అమ్మేసి, సియోల్ నడిబొడ్డున గంగ్నమ్ వైపు ఒకే ఒక్క ఖరీదైన అపార్ట్‌మెంట్ ఉంచుకున్నారు. దానికి కొరియన్లు పెట్టుకున్న పేరును తెలుగులో చెప్పాలంటే 'తెలివైన ఒక్క ఇల్లు'.

2020 జులైలో ఈ తెలివి అధ్యక్ష భవనం దాకా వెళ్లింది. ఒకటికి మించి ఇళ్లున్న ఉన్నతాధికారులు మిగతావి అమ్మేయాలని అధ్యక్షుడి ముఖ్య సహాయకుడు నో యంగ్-మిన్ ఆదేశించాడు, ఆయనకే రెండు ఇళ్లున్నాయి. తన సొంత నియోజకవర్గమైన చోంగ్‌జులో ఉన్న చవక ఇల్లు అమ్మి, గంగ్నమ్ ప్రాంతంలోని అపార్ట్‌మెంట్ ఉంచుకుంటానన్నాడు. జనం మండిపడ్డారు, చివరికి రెండూ అమ్మాల్సి వచ్చింది. సంఖ్యను మాత్రమే చూసే నియమం ఎక్కడికి దారి తీస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఐదు లక్షల విలువైన మూడు పల్లెటూరి ఇళ్లున్నవాడు నేరస్థుడైపోయి, ఇరవై కోట్ల విల్లా ఒక్కటే ఉన్నవాడు ఆదర్శ పౌరుడైపోతాడు.

సింగపూర్‌లోనూ సంఖ్యను బట్టే పన్ను. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు బాగా తెలిసిన లెక్క ఇది. 2023 ఏప్రిల్ నుంచి పౌరుడు రెండో ఇల్లు కొంటే మామూలు స్టాంప్ డ్యూటీ మీద అదనంగా 20 శాతం, మూడోదానికి 30 శాతం. శాశ్వత నివాసికి మొదటి ఇంటికే 5 శాతం, విదేశీయుడికి 60 శాతం. అయితే అక్కడ ఆ పన్ను ఒంటరిగా నిలబడలేదు. 1960లో ఏర్పడ్డ ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ కట్టిన ఫ్లాట్లలో జనాభాలో దాదాపు ఐదింట నాలుగు వంతుల మంది ఉంటారు. కుటుంబానికి ఒక్కటే హెచ్‌డీబీ ఫ్లాట్, అందులో కనీసం ఐదేళ్లు కాపురం ఉన్నాకే ప్రైవేటు ఇల్లు కొనే వీలు. అంటే ముందు అందరికీ ఒక ఇల్లు దొరికేలా చేసి, ఆ తర్వాత రెండోదాన్ని ఖరీదు చేశారు. కొరియా పన్ను మీదే భారం వేసింది. మనం ఇంకా ఏదీ మొదలు పెట్టలేదు.

నిజానికి మనం నడుస్తున్నది ఎదురు దిశలో. 1953లో తెచ్చిన వారసత్వపు పన్నును 1985లో ఎత్తేశారు. సంపద పన్నును 2015 బడ్జెట్‌లో తీసేశారు. ఆ సంపద పన్ను చట్టంలో ఇప్పుడు ఎవరికీ గుర్తులేని ఒక మంచి నియమం ఉండేది. ఒక ఇంటికి మినహాయింపు. అది కాక, ఏడాదిలో కనీసం 300 రోజులు అద్దెకిచ్చిన ఇంటికీ మినహాయింపు. వాడని ఇంటికి పన్ను, ఎవరో ఒకరు కాపురమున్న ఇంటికి లేదు. ప్రపంచం ఇప్పుడు కొత్తగా కనిపెట్టినట్టు చెప్పుకుంటున్న ఖాళీ ఇంటి పన్ను మన చట్టం పుస్తకంలో అప్పటికే ఉంది. 2013-14లో దేశం మొత్తం మీద దాని వసూలు 1,008 కోట్లే కాబట్టి ఉంచడం దండగన్నారు. వసూలు కాకపోతే వసూలు పద్ధతి బాగుచేయాలి. ఆ నియమంతో సహా మొత్తం ఊడబీకారు.

ఆదాయపు పన్నులో ఒక సొంతింటికి ఉన్న మినహాయింపును 2019లో రెండు ఇళ్లకు పెంచారు. అంటే తాళం వేసిన రెండో ఇంటికి ఊహా అద్దె లెక్కగట్టి పన్ను వేసే పద్ధతి పోయింది. 2025 బడ్జెట్ ఆ రెండో ఇంటికి ఉన్న షరతులు కూడా తీసేసింది. ఒక ఇల్లు అమ్మిన లాభం రెండు కోట్ల లోపుంటే, జీవితంలో ఒక్కసారి, ఆ డబ్బుతో రెండు ఇళ్లు కొని లాభం మీద పన్ను తప్పించుకోవచ్చు. ఇక మన మున్సిపాలిటీల్లో భవనం ఖాళీగా ఉందని దరఖాస్తు పెట్టుకుంటే ఆస్తి పన్నులో సగం దాకా తగ్గించే 'వేకెన్సీ రెమిషన్' ఉంది. కెనడాలోని వాంకూవర్ నగరం ఖాళీ ఇంటి మీద 2017లో విలువలో 1 శాతంతో పన్ను మొదలుపెట్టి తర్వాత 3 శాతానికి పెంచింది. కోటి రూపాయల ఇంటికి ఏటా 3 లక్షలతో సమానం. అయిదేళ్లలో అక్కడ ఖాళీ ఇళ్లు సగానికి పైగా తగ్గాయి. ఇల్లు ఖాళీగా ఉంటే వాళ్లు జరిమానా వేస్తారు, మనం రాయితీ ఇస్తాం.

రెండో ఇల్లు ఉన్నవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం కూడా న్యాయం కాదు. ప్రైవేటు ఉద్యోగం చేసి రిటైరైన మనిషికి మన దేశంలో చెప్పుకోదగ్గ పెన్షన్ లేదు. పైన రెండు పోర్షన్లు కట్టి అద్దెతో మందులు కొనుక్కునే దంపతులు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ పోర్షన్లలో ఉండేవాళ్లకు అది నిజమైన ఇల్లు. 2011లో పట్టణ కుటుంబాల్లో 28 శాతం అద్దె ఇళ్లలోనే ఉన్నాయి. 1961లో ఆ వాటా 54 శాతం. సొంత ఇళ్లు పెరగడమే దీనికి కారణమనిపిస్తుంది కానీ, అద్దెకు దొరికే ఇళ్లు తగ్గడం కూడా ఇందులో భాగమే. అందరూ ఒక్క ఇల్లే ఉంచుకోవాలంటే అద్దెకు ఇల్లు ఇచ్చేదెవరు? ప్రభుత్వం అద్దె ఇళ్లు కట్టని చోట ఆ పని చేస్తున్నది ఈ చిన్న యజమానులే. అందుకే గీత గీయాల్సింది ఒకటికీ రెండుకీ మధ్య కాదు, కాపురమున్న ఇంటికీ తాళం వేసిన ఇంటికీ మధ్య. దాని మీద మొత్తం విలువను బట్టి పెరిగే పన్ను ఉండాలి, కొరియాలో జరిగిన తప్పు జరగకుండా. వేకెన్సీ రెమిషన్ పోవాలి. వచ్చిన డబ్బు ఖజానాలో కలిసిపోకుండా మున్సిపాలిటీలు సొంతంగా అద్దె ఇళ్లు కట్టడానికే వెళ్లాలి. అద్దెకిస్తే ఇల్లు పోతుందేమో అన్న భయం తీరాలంటే అద్దె తగాదాలు నెలల్లో తేలాలి. ఇవన్నీ జరిగాక కూడా ఒకే కుటుంబం చేతిలో ఇళ్లు పోగవుతుంటే, అప్పుడు సంఖ్యకు పరిమితి పెట్టడానికి ప్రభుత్వానికి నైతిక హక్కు ఉంటుంది.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల సంగతి కూడా ఇందులోకి వస్తుంది. విదేశీ మారక చట్టం ప్రకారం ప్రవాస భారతీయులు పొలాలు, తోటలు, ఫామ్‌హౌస్‌లు కొనకూడదు గానీ ఇళ్లు ఎన్నైనా కొనొచ్చు. విదేశీ మారకంతో కొన్న ఇళ్లు అమ్మి ఆ డబ్బు దేశం దాటించేటప్పుడు మాత్రం రెండు ఇళ్ల వరకే అన్న నియమం ఉంది. రెండు అన్న అంకె మన చట్టాల్లో ఎక్కడా లేదని కాదు. డబ్బు బయటికి వెళ్లే దారిలో ఉంది, ఇల్లు చేతికి వచ్చే దారిలో లేదు.

లెక్క ఎలా దొరుకుతుందన్న దానికి ఇప్పుడు సాకులు లేవు. ఒక మొత్తం దాటిన స్థిరాస్తి లావాదేవీకి పాన్ తప్పనిసరి. పెద్ద మొత్తాల రిజిస్ట్రేషన్ల వివరం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఆదాయపు పన్ను శాఖకు వెళ్తుంది. కరెంటు మీటరు ఎన్ని నెలలుగా తిరగలేదో విద్యుత్ పంపిణీ సంస్థకు తెలుసు. ఈ మూడు చోట్ల ఉన్న సమాచారం ఒకచోటికి రావాలి, అంతే.

2027 జనగణన మొదటి దశగా, 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య ఇళ్ల జాబితా తయారు చేసేలా కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. గణకులు గేటు గేటుకూ వెళ్లి గోడ ఏ రకం, పైకప్పు ఏ రకం అని రాసుకుంటారు. తాళం వేసి ఎవరూ ఉండని ఇంటి ముందు 'ఖాళీ' అని నమోదు చేస్తారు. ఆ ఇళ్లు ఎన్నో దేశానికి మళ్లీ తెలుస్తుంది. ఆ తాళాలెవరివో మాత్రం ఆ ఫారంలో అడగరు.